గోడ మీద ఎర్ర నంబరు

మున్సిపాలిటీ వీధి దీపాలను కంప్యూటర్ మ్యాపులోకి ఎక్కించే పనిలో కొత్తగా చేరాను. ప్రతి స్తంభాన్నీ ఫోనులో గుర్తించి, దాని మీద ఎర్ర రంగుతో నంబరు వేయాలి.

గోదావరిఖని శివారులో, నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనికి దగ్గరున్న ఒక వాడలో స్తంభం లేదు. దీపాన్ని ఒక ఇంటి గోడకు బిగించారు. నేను ఆలోచించకుండా ఆ గోడ మీదే నంబరు వేశాను.

ఇంట్లోంచి అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పక్కూర్ల గూడ ఇండ్లకు గిట్లనే నంబర్లేసిన్రు. ఏడాది తిరగకముందే ఊరు ఓపెన్‌కాస్టుల కలిసింది. మా ఇల్లు గూడ తీస్తున్నరా?"

క్షణాల్లో వాడంతా నా చుట్టూ చేరింది. ఒకాయన ఫోను లాక్కున్నాడు. వీధి దీపాల లెక్క కోసమే వచ్చానని చెప్పాను. ఫోనులోని మ్యాపు చూడమన్నాను. వాళ్ల దీపం పక్కన 'వెలగడం లేదు' అని నేను రాసింది చదివి, ఆయన ఫోను తిరిగిచ్చాడు.

వారం తర్వాత సాయంత్రం అటు వెళ్తే ఆ దీపం వెలుగుతోంది. అవ్వ కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

"లైటు పెట్టిన్రంటే ఊరు ఉంచుతున్నట్టే గద, బిడ్డా?" అని అడిగింది.

ఇప్పుడు ఎవరింటి ముందైనా రంగు డబ్బా తెరిచే ముందే వాళ్లను పిలిచి చెబుతున్నాను. చాయ్ తాగిన ఆ రోజు మాత్రం అవునన్నట్టు అవ్వకు తల ఊపాను. నిజానికి ఊరు ఉంటుందో పోతుందో నాకూ తెలియదు.