అద్దాల గదిలో మైకమ్మ

మా ఆడపడుచును బస్టాండులో అందరూ మైకమ్మ అంటారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పేది ఆమే. డ్రైవర్లకు ఆమె అసలు పేరు తెలియదు, ప్రయాణికులకు ముఖం తెలియదు. పెళ్లి మాట ఎత్తితే, "రోజూ ఇంతమంది నా మాట వింటుంటే, వినని ఒక్కడి కోసం నేనెందుకు వెతుక్కోవాలి వదినా?" అనేది.

మా ఇల్లు బస్టాండు వెనక వీధిలోనే. వంటింటి కిటికీ తీస్తే ఆమె గొంతు నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చేది. ఆడగొంతే అయినా, మాట చివర కొంచెం సాగదీసి మెల్లగా దించడం అచ్చం మా ఆయనదే. అన్నాచెల్లెళ్లిద్దరికీ ఆ తీరు వాళ్ల నాన్న నుంచి వచ్చిందట. మా ఆయన పోయాక ఆ కిటికీని చలిలో కూడా నేను మూయలేదు. "బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నదీ..." అని ఆమె దించుతుంటే నా చేతిలో గరిట ఆగిపోయేది. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. ఇద్దరం అదే మనిషిని పోగొట్టుకున్నవాళ్లం, ఎవరు ఎవరికి చెప్పాలి?

ఆ గొంతు నిరుడు పాడవసాగింది. మొదట చిన్న జీర. తర్వాత గరుకు కాగితం రుద్దినట్టయింది. మనిషి కూడా నీరసించింది. ముఖం ఉబ్బి, ఒళ్లంతా నొప్పులు. బస్టాండులో తన మైకు గదికి ఉన్న నాలుగు మెట్లెక్కడానికి గోడ పట్టుకునేది. డాక్టరమ్మ పరీక్షలు చేసి థైరాయిడ్ అన్నది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే మెడలోని గ్రంథిని శత్రువనుకుని మీద పడుతున్నాయట. "అంటే ఇంటి కుక్కే ఇంటివాళ్లను కరుస్తోందన్నమాట" అన్నది మైకమ్మ. రోజూ వేసుకోవడానికి ఒక మాత్ర రాసిచ్చింది డాక్టరమ్మ. నెలలు గడిచినా గొంతు మాత్రం దారికి రాలేదు.

బస్టాండు మేనేజరు ఒకరోజు ఆమెను పిలిచాడు. మంచి మనిషే, నసుగుతూ చెప్పాడట.

"చూడమ్మా, జనం నువ్వు చెప్పింది విని కూడా మళ్లీ కౌంటరు దగ్గరికొచ్చి అడుగుతున్నారు. పైవాళ్లేమో రికార్డు చేసిన గొంతు పెట్టేద్దామంటున్నారు. వానలు తగ్గాక ఒక ఆఫీసరు వచ్చి వింటాడు. అప్పటికీ ఇలాగే ఉంటే నిన్ను టికెట్లకు మార్చక తప్పదు. జీతం ఏమీ తగ్గదులే."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది.

"జీతం తగ్గదుగా" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. ఆ రికార్డు పెట్టెలోంచి ఎవరిదో గొంతు మా వంటింట్లోకి వస్తుందనుకుంటేనే నాకు ఆ కిటికీ మూసేయాలనిపించింది.

ఇక తిండి సంగతి. పక్కవాటాలో ఉండే పార్లరామెకు కూడా థైరాయిడే. ఫోనులో చూసిందల్లా మైకమ్మకు ఎక్కించేది. క్యాబేజీ వద్దు, సోయా వద్దు, గోధుమ వద్దు, పాలు వద్దు, గుడ్డు వద్దు, చేప అసలే వద్దు.

"మరి ఇంకేం తినమంటావే?" అన్నాను.

"గాలి వదినా, అదీ వడగట్టి" అన్నది మైకమ్మ. నవ్వుతూనే అన్నీ మానేసింది. ఉడికించిన కూరగాయ, ఇంత అన్నం. గొంతు కోసం ఆమె ఏదైనా మానేసేటట్టుంది.

నొప్పులు ఎక్కువయ్యేసరికి డాక్టరమ్మ ఈసారి విటమిన్ డి పరీక్ష కూడా చేయించమన్నది. రిపోర్టు వచ్చింది. బాగా తక్కువ, అడుగంటిందనే చెప్పాలి. అది ఎండ నుంచి వచ్చే విటమినని రిపోర్టు తెచ్చిన రోజే పార్లరామె చెప్పింది. ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే ఆ బస్టాండులో మైకమ్మ కంటే ఎక్కువ ఎండలో కూర్చునేవాళ్లు లేరు. ఆమె గది మూడు వైపులా అద్దాలే, ఆ మెరుపుకు బయటివాళ్లకు లోపలి మనిషి కనపడదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ ముఖం మీదే ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చుంటే చెమటకు జాకెట్టు ఒంటికి అంటుకుపోతుంది.

"అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే" అన్నది పార్లరామె.

"అల్లుడు లేడుగానీ, ల్యాబువాళ్లు ఎవరి నెత్తురో నాకు అంటగట్టుంటారు" అన్నది మైకమ్మ.

నాకు ఆ రోజంతా అదే ధ్యాస. బియ్యం కడుగుతున్నా అదే. మా కిటికీ అద్దం వెనక పెట్టిన మొక్క పచ్చగానే ఉంది కదా. దానికి అందిన ఎండ ఈమెకెందుకు అందలేదు? ఈసారి డాక్టరు దగ్గరికి నేనూ వస్తానన్నాను. మా ఆయన పోయాక నేను అంత దూరం కదలడం అదే మొదలు. మైకమ్మ నా చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

డాక్టరమ్మ అడగనే అడిగింది: "ఎండలోకి వెళ్లరా?"

"ఎండలోనే కదండీ నా ఉద్యోగం!" అని మైకమ్మ అద్దాల గది గురించి చెప్పింది.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "అదీ సంగతి. వెలుగూ వేడీ అద్దం దాటి వస్తాయి. చర్మంలో ఈ విటమిన్ తయారుచేసే కిరణాలు వేరు. వాటిని అద్దం దాదాపు రానివ్వదు."

"అయితే ఇన్నేళ్లూ ఎండ నన్ను మాడ్చిందేగానీ వండలేదన్నమాట!"

మొక్క సంగతి నేను అడిగాను. మొక్కకు వెలుగు చాలు, అది అద్దం దాటి వస్తుందన్నది. అడిగినందుకు ఆమె విసుక్కోకపోవడంతో నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత తిండి గురించి ఆరా తీసింది. మానేసినవన్నీ మైకమ్మ చెబుతుంటే తల పట్టుకుంది. "గుడ్డులో పచ్చసొన, కొవ్వున్న చేప... తిండిలో ఈ విటమిన్ దొరికేదే కొద్ది వాటిలో. వాటినే తరిమేశారా? క్యాబేజీ ఉడికించి మామూలుగా తినొచ్చు. గోధుమ పడని జబ్బుంటే పరీక్షలో తెలుస్తుంది, మీకది లేదు. సరే, మాత్రలు ఎలా వేసుకుంటున్నారు?"

మైకమ్మ అరచేయి చూపించింది. "థైరాయిడ్‌దీ, నొప్పులకని కొనుక్కున్న కాల్షియందీ కలిపి, కాఫీతో ఒకే గుక్క. మొదటి బస్సు పిలిచాక రెండోది పిలిచేలోపు అంతే వీలవుతుంది."

"ఆ కాల్షియం థైరాయిడ్ మాత్రను ఒంటికి సరిగా అందనివ్వదమ్మా. కాఫీ కూడా అంతే. లేవగానే పరగడుపున ఉత్త నీళ్లతో థైరాయిడ్ మాత్ర ఒక్కటే వేసుకోండి. కాల్షియం కావాలంటే మధ్యాహ్నం దాటాకే."

"ఆ రెండూ తోటికోడళ్లు అని ముందే చెప్పాల్సిందండీ, ఒక గదిలో పెట్టేదాన్ని కాదు."

లేవబోతూ నేను ఇంకొకటి అడిగాను. "డాక్టరుగారూ, డి తగ్గి థైరాయిడ్ వచ్చిందా, థైరాయిడ్ వచ్చి డి తగ్గిందా?"

"తెలియదమ్మా" అన్నది. "ఈ జబ్బున్న చాలామందిలో డి తక్కువగా ఉండటం చూశారు. ఏది ముందో ఇంకా తేలలేదు. డి మాత్రతో ఈ జబ్బు పోతుందని నేను చెప్పను. ఎముకలకూ కండకూ కావాలి కాబట్టి ఇస్తున్నాను. గొంతు బాగుపడాలంటే మాత్రం థైరాయిడ్ మాత్ర ఒంటబట్టాలి."

మా ఆయన విషయంలో అడగడానికి వ్యవధే దొరకలేదు, పొద్దున ఉన్న మనిషి సాయంత్రానికి లేడు. తెలియదనే జవాబైనా, అడిగి తెచ్చుకున్నది నాకు బరువనిపించలేదు. దారంతా దాన్నే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

మా వంటింట్లోకి గుడ్లూ చేపలూ తిరిగొచ్చాయి. డి మాత్ర భోజనంతో. పార్లరామె వచ్చి కంచం చూసి, "అయ్యయ్యో, గుడ్డే!" అని నోరు నొక్కుకుంది. "నువ్వు వెలేసిన క్యాబేజీ కూడా ఉంది, కూర్చో" అన్నది మైకమ్మ. కూర్చుని తిన్నది. వెళ్తూ వెళ్తూ, ఆ డి పరీక్ష ఎక్కడ చేస్తారని మెల్లగా అడిగింది.

గొంతు ఒక్కసారిగా రాలేదు. వంట చేస్తూ నేను చెవి అటే పెట్టేదాన్ని. ఒకరోజు కాస్త తేటగా ఉండేది, మర్నాడు మళ్లీ జీర. వానలు తగ్గుతున్నకొద్దీ నాకు భయం పెరిగింది. మెట్లు మాత్రం గోడ పట్టుకోకుండా ఎక్కుతోందని డ్రైవరొకాయన చెప్పాడు. అప్పుడే ఆమె మేనేజరును వైర్‌లేని మైకు అడిగింది, రోజూ కాసేపు బయట ఎండలో నిలబడి చెబుతానని.

"జనం చూస్తారమ్మా" అన్నాడట ఆయన.

"చూస్తే చూడనివ్వండి సార్, కొరుక్కుతినరుగా!"

ఆఫీసరు వచ్చిన రోజు నేను భోజనం క్యారియరు పట్టుకుని వెళ్లి జనంలో నిలబడ్డాను. మైకమ్మ ప్లాట్‌ఫారం అంచున, నెత్తిన ఎండతో, మైకు పట్టుకుని ఉంది. ఆఫీసరు చేతులు కట్టుకుని దూరంగా ఉన్నాడు. ఆమె నోరు తెరిచింది. గొంతు మునుపటంత తేటగా లేదు, అడుగున కొంచెం జీర మిగిలింది. కానీ చివరి ప్లాట్‌ఫారం దాకా మాట మాటగా వెళ్లింది. చివర సాగింది, మెల్లగా దిగింది. కౌంటరు దగ్గరికి ఎవరూ కదల్లేదు. సంచులు ఎత్తుకుని సరిగ్గా ఆ బస్సు దగ్గరికే నడిచారు.

నా పక్కన మూటతో నిలబడ్డ పెద్దావిడ, "ఈవిడేనా ఇన్నాళ్లూ పిలిచింది? బాగా పొడుగ్గా ఉంటుందనుకున్నానే!" అన్నది.

ఆఫీసరు మేనేజరుతో అన్నది నాకు వినపడింది. "ఆ పెట్టె రాత్రి బస్సులకు వాడుకోండి. పగలు ఈమె చాలు."

మైకమ్మకూ వినపడినట్టుంది. అటు తిరిగి నన్ను చూసింది. చూసిన సంతోషంలో మైకు ఆపడం మరిచిపోయింది.

"వదినా! ఇవాళేం కూర?"

బస్టాండు మొత్తం మోగింది. ఉన్న జనమంతా వదిన ఎవరా అని వెతికారు. ఎప్పుడూ నలుగురిలో నోరెత్తని దాన్ని, ఏమనుకున్నానో ఏమో, "నువ్వొచ్చి చూడు!" అని గట్టిగా అరిచాను.