ఏడువందల యూరోల కాగితం

సుల్తానాబాద్ దాటి రెండు మైళ్లు పోయామో లేదో, బస్సు వెనక చక్రం గాలి పోయింది. శ్రావణపు ముసురు. డ్రైవరు జాకీ తీస్తుంటే అందరం దిగి, దారి పక్క చాయ్ హోటల్ రేకుల కిందికి చేరాం. నాది చెన్నూరు నుంచి వస్తున్న ప్రయాణం. ఎక్కడ దిగాలో ఇంకా అనుకోలేదు గనుక నాకు తొందర లేదు. పక్కన నిలబడ్డ మనిషికి మాత్రం ఉంది. ఊరికే గడియారం చూస్తున్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. బుగ్గలు లోపలికి పోయాయి. కుడి బొటనవేలి మీద నల్లగా కాయ కాచి ఉంది.

అతను ప్లాస్టిక్ కవర్లోంచి ఇంగ్లీషు కాగితమొకటి తీసి, నా కళ్లజోడు వంక చూశాడు.

"కాకా, జర గిది సదివి చెప్తవా? నా బిడ్డ సదివింది గని, దాని మాట మీద నాకు నమ్మకం లేదు."

కొరియర్ వాళ్ల కాగితం. విదేశం నుంచి ఒక క్లారినెట్ వచ్చింది, కరీంనగర్ ఆఫీసులో ఉంది, కస్టమ్స్ సుంకం కట్టి తీసుకుపొమ్మని సారాంశం. ప్రకటించిన విలువ ఏడువందల యూరోలు. దాని మీద పడ్డ సుంకపు అంకెను నేనే రెండుసార్లు చదివాను.

"పైసలు బాగనే అడుగుతున్నరు బిడ్డా."

"అది ఎర్కే. నేనడిగేది వేరే. పైసలు కట్టినంక, ఏడువందలని రాసిన కాయితం డబ్బకే ఉంటదా, వాళ్లు పీకి పెట్టుకుంటరా?"

సుంకం తగ్గించమని కాళ్లావేళ్లా పడ్డవాళ్లను చాలామందిని చూశాను. సుంకపు కాగితం పోతుందేమోనని భయపడ్డ మనిషిని చూడడం అదే మొదలు. రెండు చాయ్‌లు చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చక్రం మార్చడానికి అరగంట పట్టింది. తన బతుకంతా చెప్పడానికి అతనికి అరగంట చాలింది.

పేరు హనుమండ్లు. పెద్దపల్లిలో పన్నెండుమంది బ్యాండు మేళానికి మేస్త్రీ. బాపు దగ్గర డప్పు నేర్చుకున్నాడు, ముత్తయ్య అనే పాత బ్యాండు మేస్త్రీ దగ్గర క్లారినెట్ నేర్చుకున్నాడు. శిష్యుడి దమ్ము చూసి ముచ్చటపడి ముత్తయ్య తన పెద్దబిడ్డ సమ్మవ్వను ఇచ్చి పెండ్లి చేశాడు. తర్వాత చిన్నబిడ్డను జమ్మికుంట రాజేశానికిచ్చాడు. అతనూ క్లారినెట్ వాయిస్తాడు. అట్లా ఇద్దరూ సడ్డకులయ్యారు, ఒకే ఇంటి అల్లుళ్లు. మామ ఇంటి పెండ్లిళ్లలో బరాత్ ముందు నడిచి వాయించే చోటు పెద్దల్లుడిది.

"నేను ముంగట, వాడు ఎనుక. నేనెత్తుకున్న పాట వాడందుకోవాలె. పదిహేనేండ్లు గదే కాయిదా" అన్నాడు.

ఆ కాయిదా పోయిన ఎండాకాలం తప్పింది. రాజేశం తమ్ముడు దుబాయిలో ఉంటాడు. అన్న కోసం జర్మనీలో క్లారినెట్ కొని నేరుగా జమ్మికుంటకు పంపించాడు. డబ్బా మీద కస్టమ్స్ వాళ్ల కోసం అంటించిన కాగితంలో దాని విలువ ఐదువందల యూరోలని ఉంది. రాజేశం ఆ కాగితాన్ని చిరగకుండా ఊడదీసి, లామినేషన్ చేయించి, వాయిద్యపు పెట్టె మూతకు లోపల అంటించుకున్నాడు. ఏ పెండ్లికి పోయినా మూత తెరిచే పెడతాడట.

"మా బామ్మర్ది రాకేశ్‌కు పిల్ల ఖాయమైన నాడు మా మామ అద్దాలు పెట్టుకోని గా కాయితం సదివిండు. సదివి ఏమన్నడు? 'ఐదువందల యూరోల బాజా ఎనుక నడుస్తదారా? ఈ పెండ్లికి రాజేశాన్ని ముంగట నడువనీ' అన్నడు. అందరు నవ్విండ్రు. నా పెండ్లాం సుత నవ్వింది కాకా!"

"రాజేశం మంచిగ వాయిస్తడా?"

హనుమండ్లు చాయ్ గ్లాసులోకి చూశాడు. "వాయిస్తడు" అన్నాడు. "వాయిస్తడు గనకనే మండుతది."

ఆ మంట అతన్ని కూర్చోనివ్వలేదు. బిడ్డ నిఖితను ఫోన్ ముందు కూర్చోబెట్టి జర్మనీలో పాత వాయిద్యాలు అమ్మే ఒక ముసలాయనను పట్టించాడు. క్లారినెట్ రెండువందల యూరోలకు బేరం కుదిరింది. అప్పుడు ఆ ముసలాయనకు ఇంకో మాట రాయించాడు: డబ్బా మీద విలువ ఏడువందలని రాయాలి.

"ఆయన ఏమని రాసిండో ఎర్కేనా? 'ముప్పై ఏండ్ల సంది అమ్ముతున్న. తక్కువ రాయమన్నోళ్లే అందరు. ఎక్కువ రాయమన్నోనివి నువ్వొక్కనివే' అన్నడు. అని, రాసిండు."

మా అమ్మమ్మ పుట్టిల్లు పెన్‌గంగ ఒడ్డు, ఆదిలాబాద్ అవతల. ఆమె చిన్ననాడు నది దాటి వస్తే నిజాం కరోడ్‌గిరి నాకా ఉండేది. సరుకు విలువ కట్టి సుంకం వసూలు చేసే చౌకీ అది. అవతల కొన్న కొత్త ఇత్తడి బిందెకు ఆడవాళ్లు మసి పూసి, అడుగున సొట్ట కొట్టి, పాతదని చెప్పి దాటించేవారట. కొత్త చీరను ఏట్లో రెండు జాడింపులు జాడించి తడిగానే కట్టుకుని వచ్చేవారట. విలువ దాచడానికి మనుషులు పడ్డ పాట్లు నేను పుస్తకాల్లోనూ చదివాను, ప్రతి దేశానిదీ ఒక తీరు. లేని విలువ చెప్పుకుని దానికి సుంకం నెత్తినేసుకున్నవాడు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ తగలలేదు.

"హనుమండ్లూ, సుంకం ఏసేది డబ్బ మీదున్న విలువకు. ఇంక పంపిన కిరాయి సుత దాంట్లె కలుపుతరు. నువ్వు రాయించిన అబద్ధానికి నువ్వే సుంకం కడుతున్నవు. నువ్వు పైసలు పంపిన బ్యాంకు చీటీ ఉన్నదా?"

ఉంది. అదే కవర్లో, అడుగున.

"గది చూపియ్యి. తప్పు రాయించిన అని ఒప్పుకో. నాలుగు మాటలు పడుతవు గని, విలువ సరిచేస్తరు."

"సరిచేసి ఎంతని రాస్తరు?"

"ఎంతకు కొన్నవో గంతే. రెండువందలు."

అతను చీటీని మడిచి మళ్లీ కవరు అడుగుకే తోశాడు. చొక్కా లోపలి జేబు తడుముకున్నాడు. అక్కడున్నవి మేళంలోని పన్నెండుమందికి కొత్త ఎర్రకోట్లు కుట్టించడానికి పెట్టిన పైసలని బస్సెక్కాక చెప్పాడు.

కరీంనగర్‌లో దిగాక, "జర తోడు రా కాకా, ఇంగ్లీషుల ఏమన్న అడుగుతరు" అన్నాడు. వెళ్లాను.

కౌంటర్ వెనక దీపిక అనే అమ్మాయి డబ్బా తెచ్చి పెట్టింది. దాని పక్కకు తెల్ల కాగితం అంటించి ఉంది, మీద ఏడువందల అంకె. హనుమండ్లు డబ్బాను చూడలేదు, అంకెనే చూశాడు. నేను ఆ అమ్మాయిని అడిగాను, విలువలో తప్పు పడితే ఏం చేయాలని.

"కొన్న చీటీ, అర్జీ ఇయ్యాలె సార్. హైదరాబాద్ పంపిస్తం. పదిహేను రోజులు పట్టొచ్చు. ముందే చెప్తున్న, కట్టి తీస్కపోయినంక అడిగితే మా చేతుల ఏం ఉండది."

రాకేశ్ పెండ్లి నాలుగు రోజుల్లో ఉంది. హనుమండ్లు నా వంక చూశాడు, నేను కోట్ల పైసలున్న అతని జేబు వంక చూశాను. అంతలో అతని ఫోన్ మోగింది. స్పీకర్ పెడితే తప్ప వినపడని పాత ఫోన్ అది. సమ్మవ్వ గొంతు ఆఫీసంతా వినిపించింది.

"ఇగో, ఇంటున్నవా? మన రాజేశం బండి మీదినుంచి పడ్డడు. పాణానికి ఫికర్ లేదు గని పెదివి పలిగింది, కుట్లు పడ్డయి. నెల దాక ఊదరాదట."

హనుమండ్లు కళ్లల్లో ఒక్క క్షణం ఏదో మెరిసింది. అది చూడనట్టు నేను తల తిప్పుకున్నాను.

"అయ్యో" అన్నాడు ఆలస్యంగా.

"ఇను మరి! తన బాజా నీకే తోలిస్తుండు. 'అన్నే ముంగట నడువాలె, నాకన్న అన్నకే దమ్మెక్కువ' అని మా బాపుకు చెప్పిండట, నోరు తిరగకున్నా. బాపు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు, గసుంటి అల్లుడు ఎవలకు దొరుకుతడని. ఇగ నువ్వు గా డబ్బ కోసం పరేషాన్ కాకు. కోట్ల పైసలు ముట్టకు, ఇంటికి రా."

ఫోన్ పెట్టేసింది. నాకు నిజంగా సంతోషమైంది.

"ఇంకేంది బిడ్డా, నీ చోటు నీకొచ్చింది. రాజేశం బాజాతోని పెండ్లి ఎల్లదియ్యి. చీటీ ఇచ్చిపో, పదిహేను రోజులకు నీది నీకొస్తది."

అతని మొహం చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడింది.

"వాడిచ్చిన బాజా పట్టుకోని, వాడిచ్చిన చోట్ల నడువాల్నా? నేను ఎంత మంచిగ వాయించనీ, సూసినోళ్లు ఏమంటరు? రాజేశం మనసు పెద్దది అంటరు. వాని పెదివి పలిగినా పేరు వానికే!"

కవరు అడుగునుంచి బ్యాంకు చీటీ తీశాడు. ఇస్తాడనే అనుకుని దీపిక చేయి చాపింది. అతను దాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

"ఏడువందలకే కడుత బిడ్డా. గా కాయితం మాత్రం ముట్టకు."

కొన్న ధర కన్నా సుంకమే ఎక్కువైంది. పన్నెండు ఎర్రకోట్లు కౌంటర్ మీదుగా అటు వెళ్లిపోయాయి.

డబ్బాను కింది వైపు నుంచి, కాగితం చెక్కుచెదరకుండా కోశాడు. నల్లకట్టె క్లారినెట్, ఎవరి వేళ్లకో అరిగిన మీటలు. ముక్కలు బిగించి, అక్కడే నిలబడి బరాత్ పాట ఒక చరణం ఊదాడు. దీపిక ముద్ర వేయబోయిన చేయి ఆపింది. బయట వానకు నిలబడ్డవాళ్లు లోపలికి తొంగిచూశారు. వందలకూ వేలకూ అందని నాదం అది. ఆ మాటే చెప్పాను.

"రాజేశం దానికన్ననా?" అన్నాడు వెంటనే.

"నేను రాజేశాన్ని ఇనలేదు కదా."

ఆ జవాబు అతనికి నచ్చలేదు. క్లారినెట్ విప్పి డబ్బాలో సర్దాడు.

బయట ముసురు వానగా మారింది. మెట్ల మీద ఆగి భుజం మీది తువ్వాల తీశాడు. నెత్తికి కట్టుకుంటాడనుకున్నాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి డబ్బా పక్కకు అంటించి ఉన్న కాగితం మీద పరిచి, అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"హనుమండ్లూ, పెండ్లి ఏ ఊర్ల? నేను సుత వస్త, నీ పాట ఇంట" అన్నాను.

అతను అప్పటికే వానలోకి దిగాడు. తల మీద నీళ్లు కారుతుంటే, డబ్బాను రొమ్ముకు ఆనించుకుని, కాగితం తడిసిందేమోనని పది అడుగులకోసారి తువ్వాల కొస ఎత్తి చూసుకుంటూ, బస్టాండు వైపు వెళ్లిపోయాడు.