నడిమి కుట్టు

ఆమధ్య ఆదోనిలో, మా ఇంట్లో, కొత్త దుప్పటి మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఆ వాసనతోపాటే ఈరమ్మక్క గుర్తొచ్చింది. డిగ్రీ కాగానే నేను మొదట పనిచేసింది ఎమ్మిగనూరులో ఆమె దుప్పట్లు నేయించి అమ్మే అంగడిలోనే. ఆమె పోయి రెండేళ్ళయింది. పనిలో నాకు బుద్ధి చెప్పేవాళ్ళు ఆమె తర్వాత దొరకలేదు.

అప్పట్లో వెడల్పు దుప్పట్లు నేసే మగ్గం పెట్టించాలా వద్దా అని అక్క తెగ ఆలోచించేది. గిరాకీ చూసే పని నాకు అప్పజెప్పింది. నెల రోజుల అమ్మకాలు చూసి, అంతా తెలిసినదానిలా తేల్చేశాను.

"చిన్నవే పోతాండాయక్కా. పెద్దవి కావాలని అడిగినోళ్ళు ఒక్కరూ లేరు."

అక్క చెప్పులు వేసుకుంది. నన్ను వెంటబెట్టుకుని వెనక వీధిలో, మా దగ్గర కొనే ఒకామె ఇంటికి పోయింది. అక్కడ తీగ మీద మా దుప్పట్లే ఆరుతున్నాయి. రెండేసి పక్కపక్కన చేర్చి నడుమ కుట్టేశారు.

"ఏమ్మా, ఇట్ల కుట్టుకుంటివి?" అంది అక్క.

"పిల్లోల్లతో పండుకుంటే సాలదక్కా. మీ తావ పెద్దవి లేవు గదా, యాడ అడిగేది?" అంది ఆమె.

నా మొహం చిన్నబోయింది. తిరిగొస్తుంటే అక్క నవ్వింది. "కొన్నది సూసినావు పాపా, కప్పుకునేది సూడలేదు. తక్కువ మంది ఉండారని సెప్పు, ఒప్పుకుంటా. సూడకుండా లేరని మాత్రం అనాకు." ఆ ఏడే వెడల్పు మగ్గం పెట్టించింది.

ఇప్పుడు నేను కంప్యూటర్ గేములు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణానికి ఇంటి నుంచే సర్వేలు చేస్తాను. మా కొనుగోలుదారుల్లో విండోస్ బదులు లినక్స్ అనే వ్యవస్థతో నడిచే కంప్యూటర్లలో ఆడేవాళ్ళు ఉన్నారా, వాళ్ళకు గేములు తెచ్చేందుకు కొత్తగా పెట్టిన చిన్న బృందాన్ని ఉంచాలా, తీసేయాలా అని పైవాళ్ళు అడిగారు. అమ్మకాలు చూస్తే అన్నీ విండోస్ గేములే. "లినక్స్‌కు గిరాకీ లేదు" అని రాసేసి, పంపే ముందు కాస్త లేచి ఈ దుప్పటి విప్పాను.

తిరిగి వచ్చి ఆ మాట కొట్టేశాను. ఏం కొన్నారని కాక, కొన్న గేమును ఏ కంప్యూటర్‌లో ఆడుతున్నారని అందరినీ అడిగాను. విండోస్ గేమునే కొని, నానా తంటాలు పడి లినక్స్‌లో ఆడించుకుంటున్నవాళ్ళు బయటపడ్డారు. "మీ దగ్గర లినక్స్‌వి లేవు కదా, ఎవరిని అడగాలి?" అని ఒకాయన రాశాడు. చదివి సిగ్గుపడ్డాను.

వాళ్ళు తక్కువే. తక్కువే అని రాశాను, ఉన్నారని కూడా రాశాను. బృందాన్ని ఉంచారు.

ఈ దుప్పటి వెడల్పుది, ఒకే నేత. అయినా పరిచినప్పుడల్లా నా చేయి నడుమ కుట్టు కోసం తడుముతుంది.