బాయికి పోయేవాణ్ని వెనక నుంచి పిలిస్తే

శ్రావణమాసం మొదటి సోమవారం, పొద్దున ఆరుంబావుకు మా లలిత నన్ను వెనక నుంచి ఏడుసార్లు పిలిచింది. ఎనభైల నడుమ సంగతి. దానికి పదకొండేళ్లు. మేం నస్పూర్ కాలనీలో ఉండేవాళ్లం, నాకు బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు. బాయికి పోయేవాణ్ని వెనక నుంచి పిలిస్తే కాసేపు కూర్చుని, నీళ్లు తాగి పోవాలి. మా ఇళ్లలో అది చట్టం. ఏడుసార్లు కూర్చున్నాను, ఏడుసార్లు తాగాను. ఆ రోజు డ్యూటీ పోయింది.

అంతకు ముందు వారం పక్క క్వార్టర్ మల్లయ్యకు బాయిలో కాలు విరిగింది. పిలిచి కూర్చోబెడితే నాకేమీ కాదని పిల్ల మనసులో పడింది.

"బాపు మీద ఎంత పాణమో సూడు" అని మా అమ్మ పోశవ్వ మురిసింది.

నెల తిరిగేసరికి పిలుపులు ఇరవై దాటాయి. లెక్క తప్పిందని ఏడ్చి మళ్లీ మొదలుపెట్టేది. చేతులు వణికేవి. బడి మానేసింది.

కరీంనగర్‌లో ఒక పెద్ద వయసు డాక్టరమ్మ చూసింది. బ్లడ్ టెస్టులు బాగానే ఉన్నాయి.

"దీన్ని ఓసీడీ అంటరు, వద్దనుకున్నా చేసిందే మళ్ల మళ్ల చేయించే భయం. గోలీ భయాన్ని తగ్గిస్తది. థెరపీ అంటే, బిడ్డ పిలిచినా నువ్వు ఆగకుండ పోవుడు."

"పసిపిల్లకు తలకాయ గోలీలా? మొద్దువడ్తది" అంది నా భార్య రాజవ్వ.

"గోలీలే ఇయ్యిర్రి మేడం. మాటలతోని రోగం పోతదా?" అన్నాను నేను.

"బయట కొట్లాడుకోని రాపోర్రి" అని ఆమె ఇంకో పేషెంటును పిలిచింది.

బెంచీ మీద మేం కొట్లాడుతుంటే లలితే తేల్చింది. "రెండూ చేస్త. నాకు బడికి పోవాలె."

గోలీలతో నోరెండేది, తరగతిలో నిద్ర వచ్చేది. రాజవ్వ చెప్పకుండా ఆపేస్తే మళ్లీ వణుకు. డాక్టరమ్మ కోప్పడి డోస్ తగ్గించింది. రోజూ జరిగింది నోట్‌బుక్‌లో రాయమంది. నాకు అక్షరం రాదు, లలితే రాసేది. పిలుపులు ఒకటికి దిగి మళ్లీ పెరిగాయి. ఎందుకో తెలియక నోట్‌బుక్ నేనే మోసుకుపోయి ఇచ్చాను. డాక్టరమ్మ పైకి చదివింది.

"మంగళవారం. ఒక్కసారి పిలిచిన. బాపు ఆగలే. కని మలుపుకాడ మోరీ కాల్వ గట్టు మీద కూసోని నీళ్లు తాగిండు. కిటికీలకెళ్లి సూసిన. మళ్ల పిలవాలనిపించింది."

నిజమే. రోజూ అదే చేస్తున్నాను.

"నీకు సుత భయమేనా?" అంది డాక్టరమ్మ.

"బాయిల దిగేటోనికి భయముండదా మేడం?"

"ఉండనియ్యి. కూసోకు."

మర్నాడు లలిత పిలిచింది. ఆగలేదు. మలుపు దగ్గర కూడా కూర్చోలేదు. షిఫ్టు అయి వచ్చేసరికి పిల్ల చెమటతో తడిసి గడపలో ఉంది.

"రెండోది నోటిదాక వచ్చింది బాపూ. మింగిన."

ఇరవై ఏళ్లు బాయిలో దిగాను. అంత గుండె నాకు లేదు.

రెండేళ్లకు డాక్టరమ్మే మెల్లగా గోలీలు ఆపింది. లలిత ఇప్పుడు చెన్నూరులో టీచరు. ఎప్పుడైనా భయం మళ్లీ వస్తే తనే డాక్టరు దగ్గరికి పోతుంది, దాచదు. ఆ నోట్‌బుక్ చదవాలనే నేను వయోజన బడిలో చేరాను.

గోలీలా, థెరపీనా అని తగువు పడే తల్లిదండ్రులకు ఒకటే చెబుతాను. పిల్ల భయం చెప్పినట్టల్లా ఇంట్లో ఎవరెవరు ఆడుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. ముందు మీ సంగతి చెప్పండి.

నేను ఆగకుండా పోయిన ఆ పొద్దున వాకిట్లో నిలబడ్డవాళ్లు: మా అమ్మ పోశవ్వ, నా భార్య రాజవ్వ, కర్ర ఊతంతో మల్లయ్య, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మా లలిత.