జత దిమ్మెలు

యోహాను ఎడమచేతి నాలుగు వేళ్లూ ఇనుము చెక్కే షేపర్ మిషనులో పోయి ఆరు నెలలైంది. ఆ చేతికి మిగిలింది బొటనవేలొక్కటే. సోమవారం సార్లు వచ్చి చూస్తారు. వాళ్ల ముందు ఒక ఇనుప ముక్కను సమంగా చెక్కి చూపిస్తే యూనివర్సిటీ వర్క్‌షాపులో మిషను దగ్గరే ఉంటాడు. లేకపోతే గేటు పక్కన కాపలా స్టూలు.

పాతికేళ్లుగా పక్క మిషను మీద పనిచేస్తున్న బిక్షపతికి ఆ స్టూలు తలపుకొస్తే ముద్ద దిగేది కాదు. అందుకే శనివారం తార్నాకలో యోహాను ఇంటికెళ్లి అతని ఉక్కు దిమ్మెలు రెండూ అడిగాడు. చెక్కే ముక్క కింద ఎత్తుకు పెట్టేవి అవి. డెబ్బై ఎనిమిదిలో ఇద్దరూ కలిసి ఒకే బిగింపులో గ్రైండింగ్ చేశారు. రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు. వాటికి బెజ్జాలు వేసి బోల్టులు దూరిస్తే ముక్కను ఒంటిచేత్తో బిగించుకోవచ్చు.

"కాల్చి గట్టిపరిచిన ఉక్కయ్యా అది. నీ డ్రిల్లు బిట్టు అరగాల్సిందే గానీ అది దిగదు," అని నవ్వాడు యోహాను.

"గోడలకు బెజ్జాలేసే బిట్టు ఉంటది గద అన్నా, దాని మొన నూరి పెట్టిన. ఎందుకు దిగదో చూస్త."

"రెండూ కవలలు. ఒకదాన్ని ఏడిపించి తేకు మరి."

ఆదివారం పొద్దున మాణికేశ్వర్ నగర్‌లో, ఇంటి వెనక రేకుల షెడ్డులో డ్రిల్లు మిషను మొదలైంది. దిమ్మె కింద మెత్తని ఇనుప పలక పెట్టాడు బిక్షపతి. మొన అవతలికి తేలేటప్పుడు విరగకుండా ఆ పలకే ఆనిక. బూడిదరంగు పొడి పిండిలా రాలింది. మూడు బెజ్జాలు దిగాయి. నాలుగోదానికి పలకను జరపాలి, అందులోని పాత బెజ్జం సరిగ్గా మొన కిందికి వచ్చింది.

"ఇగ ఒక్కటే గద," అనుకుని పలకను జరపకుండానే మొన దించాడు.

టక్కుమంది. మొన విరిగి దిమ్మె కడుపులో ఉండిపోయింది. సుత్తికీ, గూటానికీ రాలేదు. ఇక మిగిలింది నిప్పు.

"అన్నం వండమంటే ఇనుము వండుతున్నవేంది?" అంది భార్య లచ్చవ్వ, బొగ్గుల కుంపటి చూసి.

అతను కుంపటి ఊది మంట పెంచాడు. ఎర్రగా కాలిన దిమ్మెను బూడిదలో పూడ్చి, చల్లారి మెత్తబడేదాకా కూర్చున్నాడు. మొన చుట్టూ తొలిచి, ఊడదీసి, తిరిగి గట్టిపడేందుకు మళ్లీ కాల్చి నూనెలో ముంచాడు. గరుకు కాగితంతో నలుపంతా పోగొట్టాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి, పైన ఉక్కు స్కేలు నిలబెట్టి, పడమటి కిటికీ వైపు వంగి చూశాడు. కాల్చిన దిమ్మె వైపు స్కేలు కింద దారమంత వెలుతురు. ఇరవై ఏళ్లలో వాటి మధ్య ఎప్పుడూ లేని వెలుతురు.

"గింతదానికి ఏమైతది," అని స్కేలు తీసేశాడు.

సోమవారం యోహాను బెజ్జాలన్నీ తడిమి చూశాడు.

"ఇదొకటి పెద్దదైందేం?"

"బోల్టు ఆడనీకి జాగ ఇడిచిన."

ఒంటిచేత్తో ముక్క బిగించినప్పుడు యోహాను ముఖం పండగలా ఉంది. గంటసేపు చెక్కాడు. సారు ఎత్తుపల్లాలు పట్టే డయల్ గేజి ఆనించి మెల్లగా జరిపాడు. ముల్లు కదిలింది.

"వాలింది, యోహానూ."

యోహాను ముల్లును చూశాడు, తర్వాత తన ఎడమచేతిని. బిక్షపతి నాలుక మీదికి మాట వచ్చింది. చెబితే ఇంకో దినం ఇచ్చేవారేమో.

"దిమ్మెలు బంగారం సార్, మా బిక్షపతి చేశాడు," అన్నాడు యోహాను ముందుగా. "చెయ్యే నాది కాదు."

సారు కాగితం మీద ఏదో రాసి పెన్నుకు మూత పెట్టాడు. బిక్షపతి దిమ్మెలను గుడ్డలో మూటగట్టి యోహానుకు అందించాడు.

సాయంత్రం ఇద్దరూ క్యాంపస్ చెట్ల కింద నడిచి తార్నాక బస్టాపుకు వచ్చారు. బస్సు కోసం కాదు. యోహాను ఇల్లు ఆ వెనక సందులోనే. అక్కడ ఆగి గుడ్డమూట బిక్షపతి చేతుల్లో పెట్టాడు.

"స్టూలు మీద కూర్చునేవాడికి ఇవెందుకు? నీ దగ్గరుంచు. విడదీయకు."

ఎడమచేతిని జేబులో దాచుకుని సందులోకి వెళ్లిపోయాడు. మూటను గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు బిక్షపతి. గుడ్డ మీద నుంచే అతని వేలు ఆ పెద్ద బెజ్జాన్ని వెతుక్కుని, అందులో దిగి ఆగింది.