చిట్టెమ్మక్క పెట్టిన సంతకం

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. చిట్టెమ్మక్క పోయిందట. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట.



మొన్ననే కోడేరు సంతలో కనబడింది. చూడనట్టు తప్పుకున్నాను. ఎందుకో చెప్తాను.

అక్క రోజుకూలి. మా ఊరి ప్రైమరీ స్కూల్ కమిటీకి చైర్మన్ కూడా. కమిటీ వేసిన రోజు కూతురు మరిచిపోయిన పలక ఇవ్వడానికి బడికి పోయింది, సార్ అక్క పేరు రాసేసుకున్నాడు. అంతే.

ఊరంతా "చైర్మనమ్మా" అని ఆటపట్టించేది. మీటింగ్‌లో మాత్రం ఆమె కూర్చునేది నేల మీదే. కుర్చీలో కూర్చోమని ఎవరూ అనలేదట.

కానీ అక్క ఆ పేరును సీరియస్‌గా తీసుకుంది.

మీటింగ్ ఎప్పుడూ పగలు పదకొండింటికి. అప్పుడు తల్లులంతా పత్తి చేలల్లో ఉంటారు. "సారూ, పొద్దుగాల ఏడింటికి పెట్టుండ్రి, అందరం వస్తం" అని బతిమాలింది. సార్ ఎక్కే బస్సే తొమ్మిదికి వస్తుంది. సాయంత్రం వీళ్లు ఇల్లు చేరేసరికి ఆయన బస్సు పోయేది. ఆయన్నీ ఏమనలేను.

ఆఖరికి సంతకాల రిజిస్టరే చేను గట్టుకు వచ్చేది. అక్క చేతులు కొంగుకు తుడుచుకొని వంకరటింకరగా పేరు రాసేది. ఆ పేరొక్కటే వచ్చు. కూతురు నేర్పింది.

ఒకసారి బడిలో బాత్రూముల కోసం అనుకొని సంతకం పెట్టింది. నెల తర్వాత ఆ కాగితం జిరాక్స్ పట్టుకొని మా ఇంటికొచ్చింది.

"ఏం రాసిండ్రో జర సదువు చెల్లె."

చదివాను. పిల్లలు తక్కువున్నారు కాబట్టి మా బడిని పక్కూరి బడిలో కలపడం తల్లిదండ్రులందరికీ సమ్మతమే అని ఉంది.

అక్క ఆ కాగితం కింద తన పేరు మీద వేలు పెట్టింది.

"నా చేత్తోనే బడి మూసుకున్ననా చెల్లె?" అంది.

పిల్లలు తక్కువైంది నాలాంటి వాళ్ల వల్లే. నా పిల్లలిద్దరూ వ్యాన్ ఎక్కి ప్రైవేట్ బడికి పోతారు. అదే బడిలో చదివి డిగ్రీ దాకా పోయిన నేను ఒక్క మీటింగ్‌కూ పోలేదు. నేనుంటే ఆ కాగితం చదవడానికి రెండు నిమిషాలు పట్టేది.

ఆ కాగితం రద్దు చేయించుదాం రండని అక్క ఇల్లిల్లూ తిరిగింది. "సంతకం నువ్వు పెట్టి, మమ్మల్ని రమ్మంటవేంది?" అన్నారు. నేను "చూద్దాం అక్కా" అన్నాను.

ఏమీ చూడలేదు. బడికి తాళం పడింది. పక్కూరు దూరమని అక్క కూతురు చదువు మానేసింది. ఇప్పుడు పత్తి ఏరడానికి పోతోంది.

ఊరి వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు అందరూ అక్కకు దండాలు పెడుతున్నారు. చూస్తే అసహ్యం వేస్తోంది, ముందు నా మీదే.

అక్కా, తప్పు నీది కాదు. మా అందరిదీ. ఈ ఒక్క ముక్క నువ్వు బతికుండగా చెప్పలేకపోయాను.

ఇకనైనా ఆ బరువు దించుకొని కంటినిండా నిద్రపో.