పీకిన గరిక

మొయినాబాద్ చుట్టూ భూముల ధరలు పరుగెత్తుతున్న రోజుల్లో నేను రిటైరై, చిన్న మంగళారంలో ఇల్లు కట్టుకుని, ముందర పచ్చిక పెంచాను. ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్లు ఎండాకాలమంతా గేటు పక్క వేపచెట్టు నీడ కోసం దాని మీదే కార్లు ఆపారు. వద్దనడం నాకు చేతకాలేదు. నేల బండబారి, గడ్డి సగం చచ్చింది.

కొండాపూర్‌లో ఉండే మా అమ్మాయి తన పక్క ఫ్లాటును మా కోసం కిరాయికి మాట్లాడిపెట్టింది. నెలాఖరుకు మాట చెప్పాలి. నాకు కదలాలని లేదు. మా ఆవిడకు ఉంది.

“ఈడ ఏమున్నది? వాకిలి బస్సుల అడ్డా లెక్క అయింది,” అనేది.

పచ్చిక తేరుకుంటే ఆమె మనసు మారుతుందని నా ఆశ.

గట్టిపడ్డ నేలకు చిల్లులు పొడిచి, లోపలికి గాలి ఆడనిచ్చి, పైన కొత్త విత్తనం చల్లాలి. అంతకుముందు తడి కుదరాలి. ఎండు నేలలో ఇనుము దిగదు. బురదలో పొడిస్తే చిల్లు అప్పటికప్పుడే మూసుకుపోతుంది. పదును కావాలి, అంటే ఎండుకూ బురదకూ మధ్య తడి. బోరుకు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆనాటి నా డైరీ నిండా కరెంటు వచ్చిన వేళలూ పోయిన వేళలూనే. మోటారు ఆగితే గేటు దాకా వెళ్లేవాణ్ణి, తిరిగొచ్చి స్విచ్చు చూసేవాణ్ణి. అన్నం ముందు కూర్చున్నా చెవి అటే. గడ్డపార దించి చూస్తే పైన తడి, కింద రాయి.

“ఏం సారూ, ఈనబోయే బర్రె లెక్క తిరుగుతున్నవ్. జర కూసో,” అనేది మా ఆవిడ.

చివరికి పదును కుదిరింది. చేవెళ్లలో వెల్డింగ్ చేయించిన ఇనుప పళ్ల పంజాను కాలితో తొక్కుతూ పచ్చికంతా పొడిచాను. జల్లించిన ఎరువు, ఇసుక చల్లి, విత్తనాల సంచి విప్పాను.

“ఇదేం గడ్డి?”

“ఏదో ఇంగ్లీషు పేరుంది. మన గరికే.”

ఆమె ఇక్కడికి దగ్గరి ప్రొద్దుటూరు రైతుబిడ్డ. నవ్వు ఆపుకోలేకపోయింది. “మా బాపు నడుము ఇరిగేదాక గరిక పీకిండు. నువ్వు పైసలిచ్చి తెచ్చినవా? ముందే తెలిస్తే పిల్లనియ్యకపోతుండె!”

విత్తనం కొట్టుకుపోకుండా రోజూ సన్నటి జల్లు పట్టాను. మొలకలు కనబడేదాకా గంటకోసారి వంగి చూసేవాణ్ణి. కనబడ్డాక ఎండకు మాడతాయేమోనని చూసేవాణ్ణి.

నెలాఖరు దగ్గరపడ్డాక ఒకరోజు పింఛను పని మీద మొయినాబాద్ వెళ్లి వచ్చాను. మా ఆవిడ, పక్కింటామె పచ్చిక మీద కూర్చుని కబుర్లలో ఉన్నారు. ఇద్దరి చేతులూ ఆడుతున్నాయి. పక్కన పచ్చటి కుప్ప. వాళ్ల చుట్టూ చాపంత మేర నేల నున్నగా ఉంది.

నేను కుప్ప వైపు చూశాను. వాళ్లూ చూశారు.

“అయ్యో అక్కా, సారు పంటను కలుపని పీకినం గదా!” అంటూ పక్కింటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ముచ్చట పెట్టుకుంట కూసున్నం. చెయ్యి ఊకుంటదా?” అంది మా ఆవిడ. నవ్వలేదు.

గేటు దాకా నడిచాను. తిరిగొచ్చేసరికి ఆమె పుల్లతో చిల్లు పొడుస్తూ, పీకిన గరికను ఒక్కో పోచే లోపల పెట్టి వేలితో నొక్కుతోంది.

“నిలబడి చూస్తవేంది? నీళ్లు పట్టు. సన్నగ!”

అంతలో అమ్మాయి ఫోన్. ఆమె చేతులకు మట్టి. నేనే ఫోన్ ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను.

“అమ్మా, ఓనర్ అడుగుతున్నడు. ఏం చెప్పమంటవ్?”

“ఇప్పుడు కాదు బిడ్డా. నాటు ఏస్తున్న.”

“నాటా? మనకు పొలమెక్కడిదే?”

“ఉన్నది తియ్యి. ఆయనను వేరేటోళ్లను చూసుకోమను.”

రెండో చేతిలోని పైపు ఎటు తిరిగిందో, నీళ్లు ఆమె వీపు మీద పడ్డాయి.

“గడ్డి మీద పట్టు సారూ,” అంది, తల ఎత్తకుండానే.